లేని గుట్ట

కిటికీ తెరలకి గుడ్డ కావాలంటే మా చిన్లీ ఊళ్ళో దొరకదు. గాలప్ పట్నం దాకా పోవాలి. పోనూ రానూ ఒక రోజు. ఇంటికి తెచ్చేసరికి దారి దుమ్ముకి గుడ్డ రంగూ మట్టి రంగూ ఒకటే.

తెరలు సోకుకి కాదు. మా నవాహో తెగ ఆచారంలో అల్లుడు అత్తగారిని చూడకూడదు. చూస్తే కళ్ళు పోతాయి. మా ఆవిడ డెల్ఫీన్ నమ్మదు. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను, పైగా కళ్ళజోడు. ఉన్న చూపుతో ప్రయోగాలు చెయ్యలేను.

ఇల్లు కట్టుకోవాల్సింది మా ఆవిడ వాళ్ళ నేల మీదే. వెళ్ళి చూద్దామంటే అత్తగారు గొర్రెలు మేపేది అక్కడే. అందుకని భూముల ఆఫీసు నుంచి పాతకాలపు సర్వే పటం తెచ్చి ఎత్తుల గీతలన్నీ చదివాను. అత్తగారి ఇంటికీ మా స్థలానికీ మధ్య రెండొందల యాభై అడుగుల ఎత్తు గుట్ట, ఇక ఒకరికొకరం కనబడం.

"అక్కడ గుట్టేం లేదయ్యా," అంది డెల్ఫీన్. ఆమె పుట్టి పెరిగింది అక్కడే.

"నీకు పటం చదవడం రాదు," అన్నాను.

ఆ స్థలంలో ఇంటికి అనుమతి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఇల్లు మా బావమరుదులు కట్టారు. కడుతున్నంతసేపూ నవ్వుకున్నారట. పని హుషారనుకున్నాను.

మొదటి రోజు తెల్లారగానే తలుపు తీశాను. మా ఆచారం ప్రకారం ఇంటి తలుపు తూర్పుకే ఉండాలి. ఎదురుగా బల్లపరుపు నేల. రెండొందల అడుగుల దూరంలో అత్తగారు, చేతిలో కాఫీ కెటిల్. ఇద్దరం బిగుసుకుపోయాం. ఆవిడ భుజాన ఉన్న దుప్పటి మొహం మీదకి లాక్కుంది. నేను గడప లోపలికి వెల్లకిలా పడ్డాను.

అత్తగారి తమ్ముడు హర్మన్ మావయ్య వచ్చి తాపీగా కూర్చున్నాడు.

"మావయ్యా, గుట్ట ఏమైంది?"

"ఏ గుట్ట?" పటం చూపించాను. చాలాసేపు చూశాడు. "ఓహో, ఇది మా తాత పని. ఆ కొలతల దొరకి దారి చూపించింది ఆయనే."

"అయితే?"

"అప్పుడు ఇక్కడ ఆయన అత్తగారుండేది. ఎలా వస్తాడు? 'అటు పెద్ద గుట్ట, గుర్రాలు ఎక్కవు' అని తిప్పి తీసుకుపోయాడు. దొర నమ్మి గీసేసుకున్నాడు. చదువుకున్నవాడు పాపం."

డెల్ఫీన్ పటాన్ని తీసుకెళ్ళి తలుపుకి మేకులతో కొట్టింది. "ఇదిగో నీ గుట్ట. హాయిగా చూసుకో."

తలుపు వేరే దిక్కుకి తిప్పకూడదు. స్థలం మార్చాలంటే మళ్ళీ నాలుగేళ్ళు. ఆ మోత విని అల్లుడు తప్పుకోవాలని అత్తగారు చెవులకి చిన్న గంటలు పెట్టుకుంది, న్యాయంగానే. కానీ గొర్రెల మెడల్లోనూ అవే గంటలు. కిటికీలకి తెరలింకా లేవు, అందుకే కళ్ళు మూసుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి. ఎనిమిదింటికి స్కూలు. బయట గంట మోగుతోంది. గొర్రో, అత్తగారో తెలియడం లేదు. ఎలా బయల్దేరాలో ఎవరైనా చెప్పండి, మీకు పుణ్యముంటుంది.