పదిలో ఒకటి

శనివారం పొద్దున్నే వల్లి మేడ పైన మొట్టమాడి మీద పన్నెండు జెర్సీలు ఆరేసింది. వాషర్‌మెన్‌పేట్‌లో ఆ సందు మొత్తానికీ ఎండ సరిగ్గా పడే మేడ అదొక్కటే. అందుకే ఫుట్‌బాల్ టీం బట్టలన్నీ ఈడికే వస్తాయి. ఆమె కూతురు విజి క్లిప్పుల డబ్బా పట్టుకోని పక్కనే నిలబడుండాది. సాయం చేసేదానికి కాదు. పదో నంబరు ఎటు పోతాదో చూసేదానికి.

ఆ జెర్సీలు అంతే. వేరే బట్టలు ఉతికితే రంగు పోతాది, వీటికి అంకె పోతాది. తడి ఉన్నంతసేపూ అంకెలు తాడు మీదుగా ఒక వీపు నుంచి ఇంకో వీపుకి పాకతా ఉంటాయి. ఆరేసరికి ఏది ఏడుంటే ఆడ అతుక్కుంటాది. కోచ్ ఆరోగ్యసామి సార్ ఆదివారం పొద్దున జెర్సీలు చూసినాకే టీం లిస్టు రాస్తాడు, అది కూడా పెన్సిల్‌తో.

"వల్లీ, అయిదు నా వడియాల మీదికి వస్తా ఉండాది, తోలు దాన్ని!" అని పక్క మేడ మీద నుంచి అవ్వ అరిచింది.

వల్లి చీపురుతో అయిదుని మెల్లిగా తాడు మీదికి తోసింది.

విజి కళ్ళు మాత్రం పది మీదే ఉన్నాయి. అది ఒక్క అంగుళం కూడా కదల్లా. నీహారిక జెర్సీ వీపున కాళ్ళు చాపుకోని పడుకున్నట్టు ఉండాది. రాజభోగం!

రెండేళ్ళుగా విజిది ఆరో నంబరు. ఆరు అంటే ఏంది? ఎవరో కొట్టిన బాల్‌ని ఇంకెవరికో అందించే పని. పది అంటే ఫ్రీకిక్‌లు, నడి మైదానం, అందరూ పేరు పెట్టి అరవడం. పాత పది కౌముదక్కకి పదమూడు నిండి టీం వదిలిపోయినప్పుడు, ఇంక అది నాకే అని విజి ఊరంతా చెప్పుకునింది. సరిగ్గా అప్పుడు దిగింది నీహారిక, ఒంగోలు నుంచి. వాళ్ళ నాన్న జార్జి టౌన్‌లో ఏదో పేపర్ గోడౌన్‌కి మేనేజరంట. దాని షిన్‌గార్డు మీద దాని పేరే అచ్చేసుండాది. విజికి మామ కొడుకు వాడి పడేసినవి వచ్చినాయి, అవి రెండూ ఎడం కాలివే.

దానికి ఆట వస్తే పోనీ అనుకోవచ్చు. రాదు! మొదటి మ్యాచ్‌లో కార్నర్ కిక్ అప్పుడు ఊరికే గోల్ ముందర దారికి అడ్డంగా నిలబడింది. సార్‌కి తెలుగు ముక్క రాదు. గట్టున నుంచి అరవంలో అరిచినాడు.

"నీహారికా! తళ్ళి! తళ్ళి పో!"

అంటే దూరంగా జరుగు, తప్పుకో అని. నీహారికకి అరవం ఏడొస్తాది? 'తల్లీ, పో!' అని వినిపించింది. మొహం ఇంత చేసుకోని, సార్ వైపు తలూపి, ఉరుక్కుంటా గుంపులోకి దూరింది. ఎవరో కొట్టిన బాల్ దాని భుజానికి తగిలి గోల్లో పడింది.

నీళ్ళు తాగే కాడ అది విజి పక్కనే వచ్చి కూచునింది. "మీ కోచ్ గారు ఎంత మంచోరే! నన్ను తల్లీ అంటున్నారు. మా ఊళ్ళో పీటీ సార్ అయితే ఒసేయ్ తప్ప ఇంకో మాట అనేవాడు కాదు."

విజి నోట్లో నీళ్ళు అట్టే ఉన్నాయి. చెప్పొచ్చు. ఒక్క ముక్క. చెప్పలా.

"ఊఁ, మంచోడే" అనింది.

ఆ శనివారమే పది పోయి నీహారిక వీపెక్కింది. ఆ తర్వాత మూడు నెల్లు ఇదే కథ. సార్ తళ్ళి అంటే అది దూరడం, గోల్ పడడం. సార్ కూడా తల గోక్కోని చప్పట్లు కొట్టేసేవాడు. విజికి మండిపోయేది. చెప్పేస్తే అది ఆగిపోతాది గదా? పోతాది. కానీ చెప్తే మాత్రం, మూడు నెల్లుగా ఎందుకు చెప్పలేదని అడుగుతాది. ఈ గోల ఎవడికి కావాల?

అది సరే అనుకున్నా, ఈ ఆదివారం వేరే. ఈ సీజన్‌కి ఆఖరి మ్యాచ్. తాంబరం కాడ ఆడపిల్లల ఫుట్‌బాల్ హాస్టల్ నుంచి కుముదిని మేడం వస్తా ఉండాది. ఒకే ఒక్క సీటు. "పదో నంబరు పిల్లని చూపిస్తా" అని సార్ ఫోన్‌లో చెప్పడం విజి చెవులారా వినింది. జూన్‌లో విజికి పదమూడు నిండతాయి. ఆపైన ఈడ ఆడపిల్లలకి టీమే లేదు. వల్లి ముందే తెగేసి చెప్పేసింది.

"హాస్టల్ సీటు వస్తే పో. రాకుంటే షూ అటక మీద, నువ్వు ట్యూషన్‌లో. మళ్ళీ ఏడుపులు ఉండకూడదు."

వల్లి కిందికి దిగినాక విజి పని మొదలుపెట్టింది. తన ఆరో నంబరు జెర్సీని తెచ్చి నీహారిక జెర్సీ పక్కన తగిలించింది. భుజానికి భుజం కలిపి నాలుగు క్లిప్పులు బిగించింది. తనదాని మీద ఇంకో చెంబు నీళ్ళు గుమ్మరించింది. అంకెలకి తడి ఇష్టం.

"రా" అనింది పళ్ళ సందున. "ఆడేముందని పడున్నావు? రావే!"

పది కదిలింది. ముందు ఒకటి, దాని వెనకాల సున్నా, పెళ్ళి నడకతో. విజి ఆరు ఎదురొచ్చి, పక్కకి ఒత్తుకోని దారిచ్చి, ఆ వైపుకి దాటేసింది. ఒకటి భుజం దాటి విజి జెర్సీ మీదికి వచ్చేసింది. ఇంక సున్నా రావాల.

"ఎవరే ఆ రెండిట్నీ కలిపి బిగించింది?"

మెట్ల కాడ వల్లి గొంతు. అంకెల జోలికి పోకూడదు, ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క రూల్ అది. విజి ఉలిక్కిపడి జెర్సీ లాగేసింది. క్లిప్పులు టపటపా ఎగిరిపడినాయి. ఒకటి ఈ పక్క, సున్నా ఆ పక్క.

"ఎవరూ లేదు మా! గాలికి చుట్టుకున్నాయి!"

వల్లి రెండు జెర్సీలనీ చూసింది. కూతుర్నీ చూసింది. "గాలంట, గాలి" అని గొణుక్కోని బకెట్ తీసుకోని దిగిపోయింది. మళ్ళీ తడిపితే రేపటికి ఆరవు. మధ్యాన్నానికి విజి వీపున ఒంటరి ఒకటి గట్టిగా అతుక్కునుండాది. నీహారిక వీపున ఆరు పక్కన సున్నా.

ఆదివారం గ్రౌండ్‌లో ఒకటే నవ్వులు.

"అరవై! ఒసేయ్ నీహారికా, షష్టిపూర్తికి మమ్మల్ని పిలవవా?"

"అవ్వా, మోకాళ్ళు నొప్పా? బామ్ రాసేదా?"

నీహారిక ఏడస్తాదని విజి కాచుకోనుండాది. అదేమో నడుం వంచి, కర్ర పట్టుకున్నట్టు నాలుగడుగులు నడిచి చూపించింది. ఇంకా నవ్వులు. ఛీ, ఇది కూడా దానికే కలిసొచ్చింది.

రెఫరీ అందర్నీ వరసగా నిలబెట్టి చూసినాడు. కమ్మలు తీసినారా, సాక్సు షిన్‌గార్డు మీదికి లాగినారా, షూ అడుగున మేకులేమన్నా ఉన్నాయా. జెర్సీ వీపున ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా ఏదైనా సరే, అరవై చెల్లతాదని రాసుకున్నాడు. ఆరోగ్యసామి సార్ విజి వీపు చూసి పొంగిపోయి అరవంలో అరిచినాడు.

"విజీ! మనకి గోలీ వచ్చేసింది!"

ఆ టీంకి గోల్ కాసే ఒకటో నంబరు, అదే గోలీ, లేదు. షీబా వాళ్ళు ఆవడికి ఇల్లు మారినప్పుడు గుర్తుగా జెర్సీ తీసుకుపోయింది, దాంతోనే ఒకటి కూడా పోయింది. అప్పటి నుంచీ అందరూ పది పది నిమిషాలు వంతులేసుకోని నిలబడేవాళ్ళు, ఏడ్చుకుంటా.

"సార్, వంతులేసుకుందాం సార్. నేను ముందర ఆడతా."

"ఒకటి వచ్చినాక వంతులేంది?" అని సార్ పచ్చ కోటు ఆమె మెళ్ళో వేసి, గ్లవ్స్ చేతికిచ్చినాడు. గోలీకి వేరే రంగు ఉండాలనేది రూల్. కోటు పల్చన, వెనక నుంచి ఒకటి బ్రహ్మాండంగా కనపడతా ఉండాది.

కుముదిని మేడం నోట్‌బుక్ తెరిచింది. "పదో నంబరు ఎవరు సార్?"

"ఈ వారం పది లేదు మేడం."

"అట్టనా" అని ఆమె పేజీ తిప్పింది.

అయిపోయింది. గోల్ కాడ నిలబడితే నువ్వు ఆడవు, ఎవరు ఆడతారో చూస్తావు. అరవై ఆడ, అరవై ఈడ. అరవై పడితే చప్పట్లు, లేస్తే చప్పట్లు. ఒక గోల్ కూడా కొట్టేసింది, ఆ సన్నాసిది. అవతల పురసవాక్కం వాళ్ళు ఒకటి కొట్టినారు, అది విజి కాళ్ళ సందులో నుంచే పోయింది.

ఇంకో నిమిషం ఉందనంగా మనవాళ్ళ చేతికి బాల్ తగిలి పురసవాక్కానికి పెనాల్టీ వచ్చింది. కొట్టే పిల్లా, గోలీ తప్ప అందరూ గీత బయటికి పోవాల. గీత లోపల ఎవరన్నా ఉంటే కిక్ మళ్ళీ కొట్టిస్తారు. అందరూ పోయినారు. నీహారిక గీత అంచునే దిక్కులు చూస్తా ఉండాది.

"తళ్ళి!" అని సార్ గొంతు చించుకున్నాడు. "తళ్ళి పో!"

నీహారిక తలూపింది. విజిల్ పడింది. అది ముద్దుగా లోపలికి ఉరికింది.

విజి ఏమీ ఆలోచించలా. కుడి పక్కకి దూకేసింది. అరచేతికి దెబ్బ తగిలింది, బాల్ బయటికి చిమ్మింది, నీహారిక దాన్ని ఒక్క తన్ను తన్నింది. ఆపేసింది! విజి ఆపేసింది! గట్టు మీద అరుపులు.

రెఫరీ చెయ్యెత్తినాడు. "అరవై లోపలుంది. మళ్ళీ కొట్టాల."

విజి మోకాళ్ళ మీద నుంచి లేచింది. మూడు నెల్ల మంట ఒక్కసారిగా నోట్లోకి వచ్చేసింది.

"ఒసేయ్ ఎద్దూ! తళ్ళి అంటే దూరంగా అని! అరవం! తల్లీ కాదు, గిల్లీ కాదు! దూరంగా పోయి చావు అంటా ఉండాడు ఆయన, మూడు నెల్లుగా!"

నీహారిక మొహంలో నవ్వు ఉన్నింది గదా, అది ఉన్నట్టే ఉండి లోపల నుంచి ఖాళీ అయిపోయింది.

"నీకు ముందే తెలుసా?"

విజి గ్లవ్స్ సరిచేసుకునింది.

"తెలుసు కదా?"

నీహారిక తిరిగి నడిచింది. గీత దాటింది. అయినా ఆగలా, నడి మైదానం దాకా పోయి అటు తిరిగి నిలబడింది. అంత దూరం పొమ్మని ఎవరూ అనలా.

ఇప్పుడు గోల్ ముందర విజి ఒక్కతే. ఇంత ఖాళీ జాగా ఎప్పుడూ ఆమె ఒక్కదాని కోసం ఉండలా. వీపున ఒకటి నిటారుగా, వెన్నెముక మాదిరి, నెట్టి నిలబెడతా ఉన్నట్టనిపించింది. ఆ పిల్ల పరిగెత్తుకోని వచ్చింది, నేరుగా కొట్టింది. విజి ఎటూ దూకలా. బాల్ వచ్చి రొమ్మున పడింది, రెండు చేతులూ వేసి పట్టుకునింది. రెఫరీ వచ్చి అడిగే దాకా వదల్లా.

మ్యాచ్ అయినాక మేడం గోల్ కాడికి నడిచి వచ్చింది.

"ఎన్నాళ్ళుగా గోలీవి?"

"ఈ పొద్దే మేడం."

మేడం అదేదో వయసు చెప్పినట్టు రాసుకునింది. "రేపు కాదు, పై సోమవారం మీ అమ్మని తీసుకోని తాంబరం రా. నాకు కావాల్సింది గోలీనే. ఇంకోసారి చూసి సీటు ఖాయం చేస్తా."

విజి నోరు ఊరుకుంటే గదా. "ఆ అరవై, మేడం?"

"దానికి పదకొండే. ఇంకా రెండేళ్ళు ఈడ ఆడుకోనీ."

ఇంకా రెండేళ్ళు. ఈడ. సీటు తనకే వచ్చేట్టుంటే విజికి గెంతాలనిపించాల, అనిపించలా. గట్టు మీద సార్ నీహారిక పక్కన కూచోనుండాడు. ఎవరో విషయం చెప్పుంటారు. ముందు నవ్వినాడు, తర్వాత నవ్వు ఆపేసి, వంగి దాని చెవిలో ఏదో అన్నాడు. అది కళ్ళు తుడుచుకోని నవ్వింది. ఏమన్నాడో ఎవరూ విజికి చెప్పలా. అడిగేదానికి మొహం చెల్లలా.

మళ్ళీ శనివారం వచ్చింది. వల్లి జెర్సీలు ఆరేసి, ఎల్లుండి తాంబరం తీసుకుపోవాల్సిన హాస్టల్ ఫారం మోకాలి మీద పెట్టుకోని సంతకం చేస్తా ఉండాది.

"ఆడ పెరుగన్నం పెడతారా?"

"పెడతారంట మా" అని విజి అనింది గానీ చూపు తాడు మీదుండాది. అంకెలన్నీ పాకతా ఉన్నాయి. ఆరు నీహారికని వదిలేసి ఎటో పోయింది. సున్నా ఒక్కటీ, ఎవర్నో వెతుక్కుంటా దొర్లుకుంటా, ఒక్కో వీపూ దాటుకోని వస్తా ఉండాది. వచ్చి వచ్చి విజి జెర్సీ భుజం ఎక్కింది. ఇంకో బెత్తెడు దొర్లితే ఒకటి పక్కనే కూచుంటాది. పది! రెండేళ్ళు కాచుకున్న పది, ఆమె వీపునే.

విజి లేచి తాడు కాడికి పోయింది. సున్నా గుండ్రంగా, అమాయకంగా ఆమెనే చూస్తా ఉండాది.

జెర్సీ సర్రున లాగేసింది. సున్నా జారి తాడుకి వేలాడింది. కారతా ఉన్న తడి జెర్సీని విజి అట్టే తల మీదుగా తొడుక్కోని, వీపు ఎండకి తిప్పి నిలబడింది.

"ఏమే పిచ్చిదానా, బట్టని ఒంటి మీద ఆరేసుకుంటావా? జలుబు చేస్తాది!" అని అవ్వ అరిచింది.

"చెయ్యనీ అవ్వా."

నీళ్ళు కాళ్ళెంబడి కారి సిమెంటు మీద మడుగు కట్టినాయి. కింద సందులో టీం పిల్లలు ప్రాక్టీస్‌కి పోతా ఉన్నారు. అందరికన్నా నీహారిక గొంతే పెద్దగా వినిపిస్తా ఉండాది, వచ్చీరాని అరవంలో ఏదో జోకు. అందరూ పగలబడి నవ్వినారు. ఆ జోకేందో విజికి అందలా. పిట్టగోడ కాడికి పోయి తొంగి చూడాలని ప్రాణం పీకింది. కదిలితే వీపు నీడలోకి పోతాది. పళ్ళు బిగించి ఆడనే నిలబడింది, ఒకటి ఆరేదాకా.