ఎదురింటి మంచం

ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో పేరుకున్న మురికిని పాత పళ్ల బ్రష్‌తో తోముతున్నాను. సబ్బు నీళ్లు మోచేతి దాకా కారుతున్నాయి. వెనక గదిలో మా అక్క టెనీల్ నేల తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది. పది గంటలకు పిల్లల వెల్ఫేర్ ఆఫీసు నుంచి హార్గన్ అనే ఆవిడ వస్తుంది. ఫ్రిజ్ చూస్తుంది, మంచం చూస్తుంది, తలుపులకు దోమతెరలు సరిగా ఉన్నాయో లేదో చూస్తుంది. చూసి సరేనంటే, ఎనిమిది నెలలుగా డబ్బో పట్నంలో ఎవరో తెల్లవాళ్ల ఇంట్లో ఉంటున్న మార్లీ తిరిగి వస్తుంది. మార్లీకి ఆరేళ్లు. టెనీల్‌కి ఒక్కతే కూతురు.

ఫ్రిజ్ శుభ్రంగానే ఉంది. లోపల మాత్రం అర సీసా టమాటా సాస్, రెండు ఉల్లిపాయలే ఉన్నాయి. గురువారం వస్తానన్న మనిషి మంగళవారమే వస్తున్నానని నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. మా వీధిలో పెన్షన్లు పడేది గురువారం. మంగళవారం నాటికి ఎవరింట్లో పొయ్యి మీద ఏదైనా ఉంటే అందరం అక్కడే తింటాం. పిల్లలు ఎక్కడ తింటే అక్కడే పడుకుంటారు. నేను అలాగే పెరిగాను, టెనీల్ కూడా.

మార్లీని తీసుకుపోయింది కూడా అందుకే. బడిలో టీచరు రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగితే, నిన్న రోషెల్ అమ్మ దగ్గర, మొన్న నెరిడా అమ్మ దగ్గర అని చెప్పిందట. నెరిడా అంటే నేను. రోషెల్ మా పెద్దమ్మ కూతురు, ఎదురింట్లో ఉంటుంది. అమ్మ అక్కచెల్లెళ్లందరూ మాకు అమ్మలే. ఆ టీచరు ఫారం మీద, ఈ అబోరిజినల్ ఆదివాసీ బాలికకు స్థిరమైన పడక లేదు, పెంచే మనిషెవరో స్పష్టత లేదు అని రాసింది. మూడు వారాల తర్వాత రెండు కార్లు వచ్చాయి.

ఏడున్నరకు రోషెల్, వాళ్లమ్మ మా మేవిస్ పెద్దమ్మ కలిసి మంచం మోసుకుంటూ రోడ్డు దాటారు. రోషెల్ పెద్దకూతురు పడుకునే మంచం అది. తెల్ల రంగు పెచ్చులు లేచిన ఇనప మంచం. నేను ఎదురెళ్లి ఒక వైపు పట్టుకున్నాను.

"జాగ్రత్తే, ఒక కాలు పొట్టి," అంది రోషెల్. "నా మొగుడిలాగే. కింద అట్టముక్క పెట్టకపోతే నిలబడదు."

"మొగుడి కింద కూడా పెట్టి చూడకపోయావా?" అంది పెద్దమ్మ.

"పెట్టానే అమ్మా. అట్టముక్కతో సహా పోయాడు."

టెనీల్ ఆ రోజు మొదటిసారి నవ్వింది. మంచం మీద గులాబీ రంగు దుప్పటి పరిచి, నాలుగు మూలలూ లాగి, దూరంగా నిలబడి చూసుకుంది.

తర్వాత తిండి వచ్చింది. రోషెల్ ఫ్రిజ్‌లో ఉన్నదంతా బట్టల బుట్టలో వేసుకుని తెచ్చింది. పాలు, పెరుగు డబ్బాలు, కీమా, సాసేజ్‌లు, ఆపిళ్లు, వెండి కాగితంలో చుట్టిన కంగారూ తోక, చివరికి కోయని రొట్టె ఒకటి. నేను వరసగా సర్దాను. రొట్టెను ముందుకు, కనబడేలా పెట్టాను.

"ఎవరైనా పోయినప్పుడు తప్ప ఇంత తిండి ఒక్కచోట చూడలేదు," అంది పెద్దమ్మ తలుపు పట్టుకుని లోపలికి చూస్తూ.

పిల్లలకు బడికి ఏం కట్టావని రోషెల్‌ని అడిగాను. ఇంకా ఏమీ కట్టలేదనీ, హార్గన్ వెళ్లగానే ఇదే రొట్టె కోసి మధ్యాహ్నానికి తనే పట్టుకెళ్తాననీ చెప్పింది. ఒక్క పూటకు ఏం కాదులే అంది. పదకొండింటి విరామంలో పిల్లలంతా టీచర్ల ముందే తిండి డబ్బాలు తెరుస్తారని నాకు తెలుసు. ఆ బడిలోనే చదువుకున్నాను. అయినా రొట్టెను తీయలేదు.

రోషెల్ చంటివాడిని చంకలో వేసుకుని వాళ్లింటికి వెళ్లిపోయింది. పెద్దమ్మ మాతో ఉండిపోయింది. తోడుగా ఒక పెద్దమనిషి ఉండవచ్చని వెల్ఫేర్ కాగితంలోనే రాసి ఉంది. ఆమె టెనీల్‌ని కూర్చోబెట్టి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో మరోసారి చెప్పింది. పిల్లను ఎవరు చూసుకుంటారంటే నేనొక్కదాన్నే అనాలి. ఎక్కడ పడుకుంటుందంటే ఈ మంచం మీదే అనాలి. ఇంకెవరి పేరూ రాకూడదు.

"రోషెల్ పేరు కూడానా?" అంది టెనీల్.

"దానిది అస్సలు రాకూడదు."

పెద్దమ్మ మూడేళ్లుగా గురువారం గురువారం వెల్ఫేర్ ఆఫీసు ముందు మడత కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఆమెతో పాటు ఇంకో పదకొండు మంది అమ్మమ్మలు, నాయనమ్మలు. ఎరుపు, నలుపు, పసుపు రంగుల మా జాతి జెండా ఒకటి, మా పిల్లల్ని మాకివ్వండి అని రాసిన అట్ట ఒకటి, టీ ఫ్లాస్కులు నాలుగు. ఎండకూ వానకూ లేవరు. మార్లీని తీసుకుపోయాక టెనీల్ కూడా వెళ్లి వాళ్ల పక్కన నిలబడింది. ఆ మూడేళ్లలో ఒక్క పిల్ల కూడా వెనక్కి రాలేదు. వస్తే మార్లీయే మొదటిది.

హార్గన్ పదికి ఐదు నిమిషాల ముందే వచ్చింది. నలభై దాటిన తెల్లావిడ, మెత్తగా మాట్లాడుతుంది. బూట్లు గుమ్మం బయట విప్పబోయి, అక్కర్లేదని టెనీల్ అంటే ఆగిపోయింది. దోమతెర వేలితో నొక్కి చూసింది. స్నానాల గది చూసింది. మంచం దగ్గర వంగి, దుప్పటి ఎత్తి పరుపు చూసి, చేత్తో మంచం కదిపింది. అట్టముక్క నిలిచింది. నేను ఆవిడ వెంటే నడుస్తున్నాను.

ఫ్రిజ్ తెరిచి చూసి, బాగుంది అంది. కాగితం మీద టిక్కు పెట్టింది.

బల్ల దగ్గర కూర్చున్నాక ప్రశ్నలు మొదలయ్యాయి. టెనీల్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని జవాబులు చెప్పింది. వెల్ఫేర్ ఆఫీసు ముందు నిలబడ్డ ఆమె ఫోటో పేపర్లో చూశాననీ, పాప వచ్చాక పాపను కూడా ఆ ఆఫీసు ముందుకు తీసుకెళ్తారా అనీ హార్గన్ అడిగింది. గొంతులో కోపం లేదు. పాలల్లో చక్కెర వేస్తారా అని అడిగినట్టే అడిగింది. టెనీల్ పెద్దమ్మ వైపు చూడలేదు. తీసుకెళ్లను అంది.

"మార్లీ నాతో మాట్లాడినప్పుడు తనకు నలుగురు అమ్మలని చెబుతోంది," అంది హార్గన్. "పిల్లకు ఆ విషయంలో కొంత అయోమయం ఉన్నట్టుంది. మీరేమంటారు?"

కుళాయిలోంచి ఒక చుక్క పడింది. ఇంకొకటి పడింది.

"ఒక్కతే అమ్మ," అంది టెనీల్. "నేనే."

"ఎదురింటి ఆవిడ, రోషెల్?"

"చుట్టం. అంతే."

పెద్దమ్మ తల వంచుకుని తన గోళ్లు చూసుకుంటోంది. హార్గన్ రాసుకుంది. చివరికి ఆవిడ సంచిలోంచి ఒక ఫారం తీసి టెనీల్ ముందు పెట్టింది. పాపను ఇంటికి తిరిగి పంపవచ్చని తాను రాస్తాననీ, పైన చెప్పినవన్నీ నిజమని టెనీల్ సంతకం పెడితే శుక్రవారానికల్లా ఫైలు కదులుతుందనీ చెప్పింది. టెనీల్ పెన్ను తీసుకుంది.

అప్పుడు హార్గన్ ఫోన్ మోగింది. క్షమించమని లేచి వరండాలోకి వెళ్లింది. మా వరండాకూ వంటగదికీ మధ్య ఉన్నది దోమతెర ఒక్కటే. గోడ గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది.

"ముగ్గురూనా? ముగ్గురికీ తిండి డబ్బాలు లేవా?" అంటోంది ఆవిడ. "ఇది మూడోసారి కదా. ఏ ఇల్లు? ఏడో నంబరా? నేను ఆ వీధిలోనే ఉన్నాను. ఇప్పుడే చూసేస్తాను."

మాది ఎనిమిదో నంబరు. ఏడు రోషెల్‌ది.

ఆవిడ తలుపులోంచి తల లోపలికి పెట్టి, పదిహేను నిమిషాల్లో వచ్చి ఫారం తీసుకుంటానని చెప్పింది. మెట్లు దిగి కారు దగ్గరికి నడిచింది. వెనక సీటు మీంచి కొత్త ఫైలు తీసింది. ఏదో వెతుక్కుంటూ అక్కడే నిలబడి కాగితాలు తిప్పుతోంది.

ఎదురింట్లో ఫ్రిజ్ ఖాళీ. పిల్లల గదిలో మంచం ఉన్న చోట నేల మీద నాలుగు గుర్తులు మాత్రమే ఉన్నాయి. మాకు వెనక దారి లేదు. ఏం తీసుకెళ్లినా హార్గన్ కళ్ల ముందు రోడ్డు దాటాల్సిందే.

"కదలకు," అంది పెద్దమ్మ.

టెనీల్ అప్పటికే లేచింది.

"కూర్చోవే. ముందు సంతకం పెట్టు."

"నీ మనవలు, పెద్దమ్మా."

"నా మనవల సంగతి నేను చూసుకుంటాను. నాకు కుర్చీ ఉంది. ఇంకో మూడేళ్లు కూర్చుంటాను." పెద్దమ్మ గొంతు పెంచలేదు. బల్ల అంచు మాత్రం రెండు చేతులతో పట్టుకుంది. "వెల్ఫేర్ వాళ్లు నన్ను లారీ ఎక్కించి తీసుకుపోయినప్పుడు నాకు మార్లీ వయసే. మా అమ్మ దుమ్ములో ఎంత దూరం పరిగెత్తిందో నాకు ఇప్పటికీ తెలుసు. నేను వెనక్కి వచ్చేసరికి ఆమె లేదు. ఒక్క పిల్ల, ఒక్కటంటే ఒక్కటి, తన అమ్మ బతికుండగా ఇంటికి రావడం నేను చూడాలి. పెట్టు సంతకం."

టెనీల్ ఫారం వైపు చూసింది. నేను కిటికీ పరదా కొంచెం తప్పించాను. హార్గన్ రోడ్డు మధ్యకు వచ్చింది. రోషెల్ చంటివాడితో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ మెడలో కార్డు చూడగానే రోషెల్ ముఖం మారింది. ఒక్కసారి మా కిటికీ వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. తలుపుకు అడ్డంగా నిలబడి ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో వినబడలేదు. మా ఇంటి వైపు చెయ్యి మాత్రం చూపించలేదు. రొట్టె ఎక్కడుందని అడిగితే కూడా చూపించదు.

"అదేం చెబుతోంది?" అంది పెద్దమ్మ.

"మన పేరు చెప్పడం లేదు," అన్నాను.

హార్గన్ ఒక అడుగు ముందుకు వేసింది. రోషెల్ చంటివాడిని ఇంకో చంకకు మార్చుకుంది. తర్వాత పక్కకు తప్పుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్లారు.

నా వెనక ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తిరిగి చూశాను. టెనీల్ రోషెల్ బట్టల బుట్టను బల్ల మీద, సంతకం లేని ఫారం మీదే పెట్టి, అందులోకి సర్దుతోంది. పాలు, పెరుగు డబ్బాలు, కీమా. తొందరపడటం లేదు. ఆపిళ్లు ఒక్కొక్కటే తీసింది. కంగారూ తోకను అడుగున అడ్డంగా పెట్టింది. అన్నిటి మీదా, నలగకుండా, రొట్టె పెట్టింది. తర్వాత గదిలోకి వెళ్లి మంచం మీది గులాబీ దుప్పటి లాగి, మడిచి భుజాన వేసుకుంది.

"నీ కూతురమ్మా," అంది పెద్దమ్మ.

టెనీల్ వంగి, మంచం కాలి కింద నుంచి అట్టముక్క తీసి నా చేతిలో పెట్టింది. మంచం ఒక పక్కకు ఒరిగింది. నేను దాని తలవైపు పట్టుకోవాలని నాకు అర్థమైంది. పెద్దమ్మ కూడా బల్ల వదిలి నెమ్మదిగా లేస్తోంది.

టెనీల్ మా కోసం ఆగలేదు. బుట్టను నడుముకు ఆనించుకుంది, మోకాలితో దోమతెర తలుపు నెట్టింది, మెట్లు దిగి ఎదురింటి వైపు నడిచింది.