నాలుగు వేళ్ళ పడుగు

తివాచీ మీది వజ్రం ఆకారంలో చివరి మెట్టు నేసి, వర్లీనా మగ్గం పై కొయ్య వైపు చూసింది. మిగిలింది నల్ల అంచు ఒక్కటే. దానికి మూడు వేళ్ళ చోటు చాలు. వేళ్ళు ఆనించి చూసుకుంటే ఏడు వేళ్ళ మేర పడుగు బోడిగా ఉంది.

ఎక్కడో లెక్క తప్పానేమోనని మెట్లు లెక్కపెట్టింది. కింద పదకొండు, పైన పదకొండు. దారం తీసి కింది సగంలో మెట్ల మేర కొలిచి ముడి వేసింది. అదే దారం పై సగానికి పట్టింది. ముడి నేత దాటి నాలుగు వేళ్ళు పైకి పోయింది.

కింది సగం ఆమె తల్లి గ్లేనాబా నేసింది. ముసలామె బొటనవేళ్ళ కీళ్ళు వాచిపోయాయి. పోగుల మధ్య ఉన్ని దూర్చలేక, ఆకురాలు కాలంలో పిన్యాన్ చెట్ల గింజలు రాలే నాటికి వజ్రం నడుము దగ్గర ఆపేసింది. "ఇదే నా ఆఖరిది. సగంలో ఉండిపోకూడదు, నువ్వు ముగించు" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వర్లీనాకు నలభై ఆరేళ్ళు. స్కూలు బస్సు నడుపుతుంది. పొద్దున పిల్లల్ని దింపి వచ్చి, సాయంత్రం దాకా మగ్గం ముందు కూర్చునేది. అలా అయిదు వారాలు గడిచాయి.

మేనమామ చెస్టర్ నీళ్ళ పీపాలతో వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంటి కోడలా, పై సగం ఎండబెట్టిన మాంసంలా ముడుచుకుపోయింది?"

"కనిపిస్తోందా మామా?"

"నాకే కనిపిస్తోందంటే గొర్రెలక్కూడా కనిపిస్తుంది. పైన బూడిదరంగు పట్టీ ఒకటి వేసెయ్. లేదా నా ట్రక్కు బొమ్మ నెయ్యి. జనం నన్ను తలుచుకుంటారు."

"నీ ట్రక్కు బొమ్మలో కూడా స్టార్టవదు మామా."

అతను నవ్వుకుంటూ ఇంకో విడత నీళ్ళకి వెళ్ళాడు. గ్లేనాబా పొయ్యి పక్కన కూర్చుని పిన్యాన్ గింజలు కొరుకుతోంది.

బూడిదరంగు పట్టీ వేస్తే ఖాళీ పూడుతుంది. వర్లీనా ఆ రంగు ఉండ చేతిలోకి తీసుకుంది కూడా. ఆ ఉన్ని తల్లి పెంచిన గొర్రెలదే. తీసుకున్నాక నేత దగ్గరగా మొహం పెట్టి చూసింది. తల్లి నేతలో వేలెడు వెడల్పుకి ఇరవై నాలుగు వరసలున్నాయి. తన నేతలో ఇరవై తొమ్మిది. ఉండ పక్కన పెట్టేసింది.

"దువ్వెనతో వరసల్ని మరీ గట్టిగా కొట్టాను."

"ఊఁ" అంది తల్లి.

"నీకు తెలుసా?"

"చెవులకేం రోగం? రోజూ వింటున్నా. బస్సు దిగిన ఊపులోనే కూర్చుని బాదుతావు. ఆ రోడ్డు మీది గుంతలన్నీ నా తివాచీలోకి తెచ్చావు."

"మరి మొదట్లోనే చెప్పొచ్చుగా అమ్మా!"

"మా అమ్మ నాకు చెప్పిందా ఏంటి? మూడుసార్లు విప్పాను. మూడోసారికి చెయ్యి తెలిసింది." గింజ తొక్క పొయ్యిలో వేసింది. "పట్టీ వేస్తావా?"

వర్లీనా కొసపోగు వెతికి లాగింది.

విప్పడానికి రెండు రోజులు పట్టింది. పదకొండో మెట్టు పోయింది, పదోది పోయింది, నడుము దాకా పడుగు మళ్ళీ బోడి అయింది. ఆ రెండు రోజులూ గ్లేనాబా పక్కనే కూర్చుని, వదులైన ఉన్నిని అరచేతుల మధ్య ఉండలు చుట్టింది.

మూడో రోజు వర్లీనా మొదటి పోగు దూర్చి, చెయ్యి తేలిక చేసుకుని దువ్వెనతో కొట్టింది. ఈసారి మరీ వదులైంది. పోగు తీసి మళ్ళీ కొట్టింది. మళ్ళీ గట్టిగా పడింది. దువ్వెన ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"అమ్మా, నావల్ల కాదు. నువ్వు కొడతావా?"

ముసలామె తను కూర్చునే గొర్రెతోలు ఈడ్చుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "ఇటు తే. దువ్వెనకి పిడికిలి చాలు, బొటనవేలితో పనేముంది. నువ్వు దూర్చు."

వర్లీనా పోగు దూర్చి చెయ్యి తీసింది. తల్లి కొట్టింది. రెండు చిన్న దెబ్బలు, ఆగి ఇంకొకటి. చిన్నప్పుడు నిద్రలేవగానే వినబడిన దెబ్బలే అవి. చూపుడువేలు ఆనిస్తే కింది వరసకీ దీనికీ తేడా తగల్లేదు.

మధ్యాహ్నానికి బయట ట్రక్కు దగ్గుతూ ఆగింది.

"అక్కా!" చెస్టర్ కేక. "నీ దువ్వెన చప్పుడేగా అది? వేళ్ళు బాగయ్యాయా?"

గ్లేనాబా చెయ్యి ఆపలేదు.

"నీళ్ళు ఒలకబోయకుండా దించు ముందు" అంది.

వర్లీనా తర్వాతి పోగు అందుకుంది.