ముప్ఫై వేల ముప్ఫై ఒకటి

"ప్రధానమా? ఎవరికండీ? చెప్పకుండా చేస్తారా!" అంటూ భార్య సుబ్బరావమ్మ తాంబూలం పళ్ళెంతో సహా వంటింట్లోంచి ఊడిపడింది.

"పెళ్ళి ప్రధానం కాదే! ప్రధాన సంఖ్య! ఒకటీ, తనూ తప్ప ఎవరూ శేషం లేకుండా భాగించలేనిది!" అని లెక్కల బుల్లయ్య మాస్టారు అరిచాడు. అరిచి నాలుగడుగులు ముందుకీ, నాలుగు వెనక్కీ వేశాడు.

అది 1958. ఆ సాయంత్రమే నల్లపాడు హైస్కూలు వార్షికోత్సవం. వారం కిందట మాస్టారు క్లాసులో రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడులను గుణించి ముప్ఫై వేల ముప్ఫై తెప్పించాడు. పైన ఒకటి వేసి ముప్ఫై వేల ముప్ఫై ఒకటి చేశాడు. ఆయన తండ్రి మిరపకాయల వ్యాపారి; తూచాక గుప్పెడు కొసరు వెయ్యందే చెయ్యి ఆగేది కాదు. కొడుక్కీ ఆ చెయ్యే వచ్చింది.

"ఈ ఆరుగురిలో ఎవడు భాగించినా ఒకటి కొసరు మిగిలి తీరుద్ది. కాబట్టి ఇది ఎవడికీ లొంగదు! లొంగితే మళ్ళీ సుద్దముక్క ముట్టను!" అని బల్ల గుద్దాడు. ఆ శపథం ఆహ్వానపత్రంలో అచ్చయింది.

అచ్చయింది గానీ అచ్చిరాలేదు. ఆరుగురికి లొంగదు సరే, ఏడోవాడి సంగతి? పదిహేడుతో పెరటి గోడ మీద భాగించాడు, తొమ్మిది మిగిలింది. ఇరవైమూడుతో విస్తట్లో, పదహారు మిగిలింది, అన్నం కూడా మిగిలింది. శేషం మిగిలితేనే పరువు మిగిలేది. సభకు నడుస్తూ అరచేతిలో యాభైమూడు వేశాడు. ముప్ఫైమూడు శేషం. హమ్మయ్య!

వేదిక మీద అధ్యక్షుడు, మిర్చి వ్యాపారి అలీ సాహెబ్ మాట్లాడుతుంటే, మాస్టారు ఆహ్వానపత్రం వెనక యాభైతొమ్మిది మొదలెట్టాడు. అయిదు. సున్నా. తొమ్మిది. గీత కింద మళ్ళీ సున్నా. ఆ సున్నా చూసి ఆయన మొహానికి సున్నం కొట్టినట్టయింది.

"మాస్టారూ, లేవండి! మా గుమాస్తాలంతా మీ అంకెతో కుస్తీ పడ్డారు, ఒక్కడూ భాగించలా!" అన్నాడు సాహెబ్.

ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే సరిపోతుంది. మాస్టారు కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాడు.

"భాగించారండీ."

"ఎవరు?"

"నేనే. ఇప్పుడే. యాభైతొమ్మిది అయిదువందల తొమ్మిదులు."

సభ గొల్లుమంది. మాస్టారు జేబులో సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టేశాడు.

"అదెట్టా? ఒకటి మిగులుద్దన్నారుగా!" అన్నాడు సాహెబ్. "నాకెక్కలా. బోర్డు మీద చూపించండి."

"ముట్టనన్నాను గదండీ."

"ఓస్! సుద్దముక్క నేను ముడతా. మీరు నా చెయ్యి ముట్టండి."

సాహెబ్ సుద్దముక్క పట్టాడు. మాస్టారు సాహెబ్ మణికట్టు పట్టాడు. అంకెలు వంకరటింకరగా బోర్డెక్కాయి.

"చూడండి," అన్నాడు మాస్టారు, వెనక వరస దాకా వినబడేట్టు. "ఒకటి మిగిలేది నేను గుణించిన ఆ ఆరుగురికే. యాభైతొమ్మిది ఆ గుణకారంలోనే లేడు, వాడికి నా కొసరుతో పనేంటి? ఆరుగుర్ని అడిగి, అడగనివాళ్ళందరి తరఫునా నేనే కాదని చెప్పేశా. తప్పు అంకెది కాదు, నాది."