గాజుబీరువాలో పట్టుసంచి

మే నెల వచ్చిందంటే, ఏదో ఒక ఆదివారం తెల్లవారకముందే కౌసల్యమ్మ ఇంటి చిత్రాన్నం తాలింపు వాసన వీధి మలుపు దాకా పోయేది. చింతామణి ఊళ్ళో కాస్త చేయి ఆడే కుటుంబాలన్నీ ఎండాకాలంలో ఒక రోజు బెంగళూరు పోతాయి. పొద్దున లాల్‌బాగు, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం తిరుగు బస్సు. లాల్‌బాగుకు పోయేది పువ్వులు చూసేదానికి. మ్యూజియానికి పోయేది పోయిన వస్తువులు చూసుకొనేదానికి.

ఏడాదిలో ఇంట్లో ఏది పోయినా, ముక్కుపుడక గానీ మూకుడు గానీ పిల్లల పాలపన్ను గానీ, అది కబ్బన్ పార్కు పక్కనున్న ఎర్ర కట్టడంలో, మేడమీద గదిలో, గాజుబీరువాలో ఉంటుంది. తిరిగి ఇవ్వరు. కంటినిండా చూసుకొని రావచ్చు. ఎదురింటి సుజాతమ్మ తన కవ్వాన్ని ఆరేళ్ళుగా చూసి వస్తోంది. ఇంట్లో ఉంటే ఈపాటికి అరిగిపోయేది, అక్కడ చల్లగా ఉందని ఆమెకు సంతోషం.

పందొమ్మిదివందల ఎనభైలో మాత్రం కౌసల్యమ్మ వస్తువును చూసుకొనేదానికి పోలేదు. దొంగను పట్టుకొనేదానికి పోయింది.

పోయింది బంగారు వంకీ. తల్లి పెట్టింది. ఆ తల్లే తన పాత చీర చెంగు కత్తిరించి కుట్టిన ఎర్ర పట్టుసంచిలో దాన్ని వేసి, చింతపండు కుండల వెనక చిన్నపెట్టెలో దాచి ఉంచింది కౌసల్యమ్మ. ఉగాదినాడు తొడుక్కుందామని చూస్తే వంకీ లేదు, సంచీ లేదు. ఇంట్లో ఉండేదే నలుగురు. తాను, చింతపండు మండీ చూసుకొనే భర్త అశ్వత్థనారాయణ, ఒక్కగానొక్క కొడుకు నాగరాజ, ఏడాది కిందట బాగేపల్లి నుంచి వచ్చిన కోడలు కాంచన. భర్తకు ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో కూడా తెలియదు. కొడుకేమో కడుపున పుట్టినవాడు. ఇక మిగిలింది ఎవరు?

ముందు కొడుకునే అడిగింది.

"నాకేం తెలుసమ్మా? దాన్నే అడుగు," అన్నాడు నాగరాజ చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

పక్కనే బియ్యం ఏరుతున్న కాంచన తల ఎత్తి మొగుడి వైపు చూసింది. "నేను చూడలేదత్తా," అని మళ్ళీ చేటలోకి వంగింది. ఆ చూపు కౌసల్యమ్మకు నచ్చలేదు.

ఆ రోజు నుంచి కోడలు ఏం చేసినా ఆమెకు ఒకటే కనబడేది. గట్టిగా మాట్లాడితే బుకాయింపు, మెల్లగా మాట్లాడితే దాపరికం. పండగకు వచ్చిన అన్న చేతికి కాంచన ఒక మూట ఇచ్చి పంపింది. చెక్కిలాలని చెప్పింది. చెక్కిలాలే అని ఎవరు చూశారు? కోడలు కొళాయి దగ్గరికి పోయినప్పుడు కౌసల్యమ్మ ఆమె ట్రంకుపెట్టె తీసి ఒక్కొక్క చీర మడత విప్పి చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం ఆమె అనుమానాన్ని మరింత పెంచింది. ఎంత జాగ్రత్త పడకపోతే ఇంత శుభ్రంగా ఉంటుంది పెట్టె!

"నువ్వు గమ్మునుండు," అన్నాడు అశ్వత్థనారాయణ. "ఎండాకాలం రానీ. వంకీ పోయిందైతే మ్యూజియంలో ఉంటాది. ఆడ లేకుంటే అప్పుడు మాట్లాడు."

ఆ మాట న్యాయంగానే ఉంది. పోయినవే అక్కడికి చేరతాయి. దొంగిలించినవి చేరవు, అవి ఎవరో ఒకరి చేతిలో ఉంటాయి కాబట్టి.

"ఆడ లేకుంటే దాన్ని అట్నించి అట్లే బాగేపల్లి బస్సెక్కిస్తాను," అంది కౌసల్యమ్మ. గోడకు అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

బెంగళూరు పోయే రోజు కౌసల్యమ్మ లేచి వంటింట్లోకి వచ్చేసరికి కాంచన అప్పటికే అన్నం వార్చి, నిమ్మకాయలు కోసి పెట్టింది. 'దొంగకు నిద్ర యాడ పడతాది,' అనుకుంది కౌసల్యమ్మ. బస్సులో కోడలిని కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను ఇవతల కూర్చుంది. కిటికీలోంచి ఏదైనా విసిరేస్తే తెలుస్తుందని. విసిరేస్తే అది పోయిన వస్తువైపోయి మ్యూజియంలో చేరుతుంది కదా! హొసకోట దాటేదాకా కోడలి చేతుల మీదే కన్ను పెట్టింది. కాంచన చేతులు ఒడిలో కదలకుండా ఉన్నాయి.

లాల్‌బాగులో ఆ ఏడు పువ్వులు బాగా వచ్చాయి. గాజుమేడ చుట్టూ జనం. కౌసల్యమ్మ ఏదీ చూడలేదు. చెట్టుకింద దుప్పటి పరిచి చిత్రాన్నం పెట్టింది, మజ్జిగ పోసింది. అందరికన్నా ముందు తినేసి చేయి కడుక్కున్నది కాంచన.

"పోదామా అత్తా, మ్యూజియంకు?"

కౌసల్యమ్మ చేతిలో ముద్ద ఆగింది. ఇంత తొందర ఎందుకు దీనికి?

అంతలో నాగరాజ అందుకున్నాడు. "ఎండ మండిపోతాంది. ఈ ఏడు మ్యూజియం వద్దులేమ్మా. ఏముంటాది ఆడ, పాత సామాన్లు! చెరువుకాడ చల్లగా కూర్చొని, మజెస్టిక్‌లో ఏదైనా సినిమా చూసి పోదాము."

కౌసల్యమ్మకు అంతా అర్థమైనట్టే అనిపించింది. పెళ్ళాం పైకి ధైర్యం నటిస్తోంది, మొగుడు వెనక నుంచి కాపాడుతున్నాడు. ఇద్దరూ ఒకటయ్యారు.

"పోవాల్సిందే," అంది. తినకుండా మిగిలిన ముద్దను కాకులకు వేసింది.

మ్యూజియం ముందుకు వచ్చాక నాగరాజ తలనొప్పి అన్నాడు. బయట చెట్టునీడలో ఉంటానని, శెనక్కాయలు కొనుక్కొని కూర్చున్నాడు. మిగిలిన ముగ్గురూ రాతి విగ్రహాలు దాటుకొని మేడమీదికి ఎక్కారు. వాకిట్లో ఖాకీచొక్కా వేసుకొని, గుడిబండె మనిషి మునివెంకటప్ప స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ గది కాపలా అతనిదే.

"ఏ తాలూకమ్మా?"

"చింతామణి."

"ఎడమపక్క, మూడో వరస. అద్దం మీద చేయి పెట్టొద్దండి."

గదినిండా జనం. తొండేభావి నుంచి వచ్చిన రైతు ఒకతను తన ఎద్దు మెడగంటను భార్యకు చూపించి, "చెప్పలా నేను? గట్టుమీదే పడింటాదని," అంటున్నాడు. కౌసల్యమ్మ మూడో వరసలో ఒక్కొక్క బీరువా చూసుకుంటూ పోయింది. దువ్వెనలు, తాళంచెవులు, ఒంటి చెప్పులు, ఎవరివో కళ్ళద్దాలు. సుజాతమ్మ కవ్వం దాని చోట అది ఉంది. ఆఖరి బీరువాలో, కింది అరలో, ఎర్ర పట్టుసంచి కనబడింది.

ఒక్క క్షణం సంతోషమే కలిగింది. వంగి చూసింది. సంచి అణిగిపోయి ఉంది. మూతి విప్పి ఉంది. లోపల ఏమీ లేదు. పక్కన వెతికింది, పై అర వెతికింది. వంకీ ఎక్కడా లేదు.

ప్రతి వస్తువు కిందా ఒక చీటీ ఉంటుంది, కన్నడలో. కౌసల్యమ్మకు ఏ అక్షరాలూ రావు, భర్తకు మండీ లెక్కల తెలుగు తప్ప రాదు. కాంచన బాగేపల్లిలో ఎస్సెస్సెల్సీ దాకా చదివింది.

"చదువు," అంది కోడలితో.

కాంచన వంగి చూసింది. పెదవులు కదిలాయి. పైకి చదవలేదు.

"ఏమి రాసుండాది? యాల గమ్మునైతివి? నీ పేరేనా?"

కాంచన లేచి నిలబడింది. "నేను చదివితే మీరు నమ్ముతారా అత్తా? వేరేవాళ్ళతో చదివించుకోండి."

మునివెంకటప్పను పిలిచారు. అతను కళ్ళద్దాలు తుడుచుకొని, ఆఫీసు కాగితం చదివినట్టు చదివాడు. "కళెదుకొండవరు, నాగరాజ బిన్ అశ్వత్థనారాయణ, చింతామణి టౌన్. స్థళ, చిక్కబళ్ళాపుర బస్ స్టాండు. మహాశివరాత్రి మరుదిన." తర్వాత తెలుగులో చెప్పాడు. "అశ్వత్థనారాయణ కొడుకు నాగరాజ అనే ఆయప్ప పోగొట్టుకొన్నాడమ్మా. శివరాత్రి మరునాడు, చిక్కబళ్ళాపురం బస్టాండులో."

"లోపలి వస్తువు?"

"అది పోలేదమ్మా. పోయుంటే ఈడ ఉండేది కదా. ఎవరికో ఇచ్చేసి, ఖాళీ సంచి జేబులో పెట్టుకొనింటాడు. అది జారిపోయింది."

"ఈ చీటీలు ఎవరు రాస్తారు?" అంది కౌసల్యమ్మ.

"ఎవరూ రాయరు. పొద్దున తలుపు తీస్తే ఉంటాయి."

"ఇంకోసారి చదువప్పా."

అతను మళ్ళీ చదివాడు. ఆమె అడిగితే మూడోసారి కూడా చదివాడు. పేరు మారలేదు. అశ్వత్థనారాయణ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

బయట నాగరాజ శెనక్కాయ పొట్టు ఊదుకుంటున్నాడు. తల్లి వచ్చి నెత్తిమీద నిలబడింది.

"శివరాత్రికి తేరు చూస్తానని నంది జాతరకు పోతివే. చిక్కబళ్ళాపురంలో ఏం చేసినావురా?"

నాగరాజ చేయి ఆగిపోయింది. తండ్రి ముఖం చూశాడు, తర్వాత నేల చూశాడు. "పేకాటలో కూర్చున్నానమ్మా. పోయింది. మళ్ళీ గెలిచి తెచ్చి పెడదామనే..."

"రెండు నెలలు నీ పెళ్ళాం మీద నింద పడతాంటే చూస్తా ఉన్నావు."

"నువ్వు అనుకుంటివి. నేను యాడంటిని?"

"అంటివి," అంది కాంచన. ఆమె మొగుడితో అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "'దాన్నే అడుగు' అంటివి, నా ఎదురుగానే. ఆ రోజే నాకు నీ మీద అనుమానమొచ్చింది. ఈడికొస్తే తెలుస్తాదని దినాలు లెక్కపెట్టుకుంటా ఉంటిని." అత్త వైపు తిరిగింది. "మీరు నా పెట్టె మూడుసార్లు తీసింది నాకు తెలుసత్తా. చీరలు మీరు అడ్డంగా మడుస్తారు, నేను నిలువుగా మడుస్తాను. నేను మా ఊరికి పోతాను. మీరు ఎక్కించేది వద్దు, నేనే ఎక్కుతాను."

అశ్వత్థనారాయణ "అమ్మా కాంచనా," అని ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే నడుస్తోంది.

బస్టాండులో బాగేపల్లి బస్సు కదలబోతుండగా కౌసల్యమ్మ కూడా ఎక్కింది. కిటికీలోంచి భర్తతో, "నీ కొడుకును తీసుకొని నువ్వు ఇంటికి పో," అని మాత్రం చెప్పింది. వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

కాంచన కొంచెం పక్కకు జరిగింది. "మీరెందుకొస్తాండారు? నన్ను మాటల్తో మెత్తబరిచి వెనక్కి తీసకపోయేదానికా?"

"కాదు."

"మరి?"

కౌసల్యమ్మ కండక్టరును పిలిచి తన టికెట్టు తీసుకుంది. బస్సు దేవనహళ్ళి దాటింది, చిక్కబళ్ళాపురం దాటింది. దారి పొడుగునా కోడలు తనను ఓరకంట గమనిస్తూనే ఉన్నట్టు ఆమెకు తెలుస్తోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కొంగు సర్దుకుంటే ఏమనుకుంటుందో, దగ్గితే ఏమనుకుంటుందో. అనుమానం కింద కూర్చోవడం ఇట్లా ఉంటుందని ఆమెకు యాభై ఏడేళ్ళలో మొదటిసారి తెలిసింది.

బాగేపల్లిలో దిగేసరికి దీపాలు పెట్టే వేళ. ఎండకు వేగిన వీధి అరుగుల మీదికి జనం వచ్చి కూర్చున్నారు. చేతిలో సంచి కూడా లేకుండా వస్తున్న కూతురిని, వెనకే వస్తున్న వియ్యపురాలిని చూసి కాంచన తల్లి వాసవాంబ వాకిట్లోకి వచ్చింది. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఏమైంది వదినా? ఏం తప్పు చేసింది మా పిల్ల?"

కాంచన తల్లిని దాటుకొని లోపలికి పోయింది. కౌసల్యమ్మ గడప దాటలేదు. వీధిలోనే నిలబడింది. పక్కింటి అరుగు మీద మల్లెలు కడుతున్న కెంపమ్మ చేతులు ఆగాయి. ఆమెకూ వినబడాలనే, కౌసల్యమ్మ గొంతు పెంచింది.

"తప్పు మీ పిల్లది కాదు వదినా. మా ఇంట్లో వంకీ పోయింది. మీ పిల్ల తీసిందని రెండు నెలలు అనుకొన్నాను. తీసింది నా కొడుకు. మ్యూజియంలో చీటీ ఉండాది, ఎవరికైనా అనుమానముంటే పోయి చదువుకోండి. నాకు చదువు రాదు. అందుకే నోటితో చెప్పి పోదామని వచ్చినాను."

వాసవాంబ ఆమె వైపు ఇంకా అనుమానంగానే చూస్తోంది. "చెప్పేసి, మళ్ళీ తీసకపోతానంటావా?"

"అది మీ పిల్ల ఇష్టం."

లోపలి నుంచి కాంచన చెంబుతో నీళ్ళు తెచ్చింది. గడప అవతల, అత్త కాళ్ళ దగ్గర పెట్టింది.

"కాళ్ళు కడుక్కొని లోపలికి రాండత్తా, అన్నం తిందురు," అంది. "పొద్దున ఆరింటికి చింతామణి బస్సుండాది. మీ ఒక్కరికే సీటు పెట్టమని మా అన్నతో చెప్పిస్తాను."