తొమ్మిదో దెబ్బ

ఆదివారం ఉదయం ఏడున్నరకు గంటక్క చర్చి గోపురం కింది గది తాళం తీస్తుంది. శాలువా మేకుకు తగిలిస్తుంది. అరచేతులు రుద్దుకుని తాడు అందుకుని పదకొండు సార్లు లాగుతుంది. పదకొండోది అయ్యాక తాడును కాసేపు వదలదు. వదిలితే గంట తనంతట తనే ఇంకోసారి ఊగుతుంది, లెక్క తప్పుతుంది. గంట కొట్టేవాళ్ళకు లెక్క తప్పడాన్ని మించిన సిగ్గుచేటు లేదు.

ఆ గంట చెవికి వినపడదు. ఎవరికి ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ మోగుతుంది. పెద్ద టీచరమ్మకు కుడి మోకాల్లో, సెలూనాయనకు నడుములో, బేకరీ ఆయనకు పుచ్చిన దవడపన్నులో. పన్ను పీకించుకోవయ్యా అంటే, "పీకించుకుంటే ఆదివారం నన్నెవరు లేపుతారు?" అంటాడు. పాస్టరయ్యగారికి కడుపులో, ఎడమ పక్కన. ఆయన భార్య అమ్మగారు మాత్రం ప్రభువు దయవల్ల తనకే నొప్పీ లేదని, తనకు ఎక్కడా మోగదని చెబుతుంది. అందరికంటే ముందొచ్చి కూర్చునేది కూడా ఆవిడే. ఎక్కడ మోగిందమ్మా అని మనం అడగలేదు. ఒక కొత్త జంట పెళ్ళయిన ఏడాదిపాటు చర్చి ముఖం చూడలేదు. రెండో ఏడు నుంచి ఇద్దరూ టంచనుగా వస్తున్నారు, చెరో బెంచీలో కూర్చుంటున్నారు.

చర్చికి ఎదురుగా మందుల షాపు ఉంది. దాని యజమానికి జలుబైనా చేయదు. కాబట్టి ఆయనకు గంట సంగతే తెలియదు.

ఎవరైనా చనిపోతే ఎన్నేళ్ళు బతికారో అన్ని దెబ్బలు కొడతారు. ఎనభై ఏడేళ్ళ ముసలాయన పోయినప్పుడు గంటక్క చేతులు బొబ్బలెక్కాయి, పెద్ద టీచరమ్మ మోకాలు వాచింది. పోయినాయన పోయాక కూడా మనల్ని వదల్లేదని వీధంతా అనుకుంది.

రెండేళ్ళ నాలుగు నెలలుగా గంటక్కకు గంట మోగడం లేదు.

భర్త పోయాక అది ఆవిడకు గొంతులో మోగేది. తాడు లాగుతూ గుటకలు మింగేది. ఆ తరవాత తొమ్మిదేళ్ళ కూతురు నాలుగు రోజుల జ్వరంతో పోయింది. అప్పటి నుంచి ఎక్కడా మోగలేదు. ఏడుపు కూడా రాలేదు. తింటుంది, తల దువ్వుకుంటుంది, పరుపుల దుకాణానికి వెళ్ళి దూది కూరిన పరుపుల మూతులు దబ్బనంతో కుడుతుంది. దబ్బనం వేల్లో దిగినా, గుడ్డ మీద ఎర్రగా కనపడ్డాకే చూసుకుంటుంది.

"ఆరకముందే కడుగు, మరక పోదు," అంటాడు దుకాణం యజమాని.

కడుగుతుంది.

ఓదార్చడంలో మన వీధి ఏ లోటూ చేయలేదు. బేకరీ ఆయన భార్య వేడి రొట్టె పట్టుకొచ్చి, "ఇదంతా మన మంచికే అక్కా. ఎందుకో తరవాత తెలుస్తుంది," అంది.

"ఎప్పుడు?"

"తరవాత."

"అయితే నువ్వూ తరవాతే చెప్పు," అని గంటక్క రొట్టె తీసుకుంది.

పెద్ద టీచరమ్మ కష్టాన్ని పరీక్షతో పోల్చింది. ఆవిడ ముప్పై ఏళ్ళు పరీక్షలు పెట్టిన మనిషి, ఇంకే పోలికా తోచదు. సెలూనాయన అయితే వీధి మలుపులో ఆపి మరీ, "దాచుకున్న తప్పేదైనా ఉంటే దేవుడి ముందు ఒప్పేసుకో చెల్లీ, మనసు తేలికవుతుంది," అన్నాడు.

గంటక్క చేతిలో సంచి కింద పెట్టింది. "నాలుగేళ్ళ కిందట మీ సెలూన్లో ఒక దువ్వెన ఎత్తుకొచ్చానన్నా. దానికే అంటావా?"

ఆయన ఆ సాయంత్రం షట్టరు సగం దించి దువ్వెనలు లెక్కపెట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి. ఆ రాత్రి నుంచి ఆయనకు సరిగ్గా నిద్ర పట్టలేదని ఆయన భార్య చెప్పింది. ఆవిడ చెప్పకపోయినా తెలిసేది. మరుసటి రోజు ముగ్గురికి చెవుల మీద గాట్లు పడ్డాయి.

గురువారం గంటక్క తాళంచెవి పట్టుకుని పాస్టరయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ప్రసంగం రాసుకుంటున్నాడు, ఎదురుగా కడుపునొప్పికి తాగే తెల్లటి మందు సీసా.

"ఈ ఆదివారం వరకు కొడతానయ్యగారూ. తొమ్మిది గంటల బస్సుకు మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. ఇక రాను."

"ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు. అదే కదా. తాడు లాగుతాను, ఏమీ కాదు. మీరందరూ గడియారం చూసుకుని వస్తున్నారేమో, నాకేం తెలుసు?"

"బేకరీ ఆయనకు గడియారం ఎక్కడిదమ్మా?"

గంటక్క నవ్వలేదు. కిటికీలోంచి మందుల షాపు వైపు చూసింది. "ఒక్క మాట అడుగుతాను. నమ్ముకున్న క్రైస్తవులకే ఎందుకయ్యగారూ ఇన్ని కష్టాలు? ఎదురుగా ఆయన ఏ రోజూ మోకరించలేదు. ఆయన పిల్లలు ముగ్గురూ సైకిళ్ళు తొక్కుకుంటున్నారు."

దీని మీద పాస్టరయ్యగారు ఇప్పటికి పదకొండు ప్రసంగాలు చేశాడు. మనందరం విన్నాం, కొందరం మెలకువగా కూడా విన్నాం. రాస్తున్నది పన్నెండోది. ఆయన కలం మూత పెట్టాడు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "ఆదివారం ఇక్కడ మోగుతుంది నాకు." కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మోగిన చోటికే వెళ్తాను. వెళ్తే ప్రభువు అక్కడే ఉంటాడు, మేకులతో సహా. నొప్పి తీసేయడు. ఉంటాడు. నా దగ్గర ఉన్నది ఇంతే. మిగతాదంతా ప్రసంగం."

"మోగనివాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి?"

తాళంచెవి ఆదివారం ఇస్తానని చెప్పి గంటక్క లేచింది.

ఆదివారం ఆవిడ సంచి సర్దుకుని వచ్చింది. సంచిని గోడకు ఆనించి, శాలువా మేకుకు తగిలించి, పదకొండు లాగింది. వీధి వీధంతా నడుములు, మోకాళ్ళు, దవడలు పట్టుకుని వచ్చి లోపల కూర్చుంది. గంటక్క తాడు పట్టుకుని గంట నిలవడం కోసం చూస్తోంది. గుమ్మంలో సెలూనాయన నిలబడి ఉన్నాడు.

"చెల్లీ, దువ్వెనలు అన్నీ ఉన్నాయి."

"తెలుసన్నా. ఊరికే అన్నాను."

"తప్పు దాచుకున్నది నేను." ఆయన కింద బండల వైపు చూస్తూ చెప్పాడు. "పాప పోయినరోజు నువ్వు లేవలేదని గంట నేను కొట్టాను కదా. తొమ్మిది కొట్టాలి. ఎనిమిదే కొట్టాను."

గంటక్క తాడు వదల్లేదు.

"మధ్యలో కళ్ళూ ముక్కూ తుడుచుకోడానికి ఒక చెయ్యి తీశాను. మళ్ళీ పట్టుకునేసరికి ఎన్నో గుర్తు లేదు. అయిపోయాయనుకున్నాను. ఇంటికెళ్ళాక నా నడుమే చెప్పింది, ఎనిమిదని."

"ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ."

నిజమే. పగిలిన పళ్ళెం సంగతి రెండు గంటలు దాచలేని మన వీధి ఈ ఒక్క మాటను రెండేళ్ళ నాలుగు నెలలు దాచింది. ఎవరి నొప్పిలో వాళ్ళం ఎనిమిది లెక్కపెట్టుకుని, తొమ్మిదో దాని కోసం ఆగి, ఇళ్ళకు పోయాం.

"ఆ రోజు ఏడ్చావా అన్నా?" అంది గంటక్క.

"ఏడవబట్టే కదా తప్పింది."

ఆవిడ ఆయన చేతుల వైపు చూసింది. తరవాత తాడును ఇంకొంచెం పైకి అందుకుని ఒక్కసారి లాగింది.

ఎడమ మోచేతి మడతలో మోగింది, పాప తల పెట్టుకుని పడుకునే చోట. గంటక్క అక్కడే బండల మీద కూలబడింది. చెయ్యి మడిచి ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడ నోట్లోంచి వచ్చిన శబ్దాన్ని మాత్రం అందరం చెవులతోనే విన్నాం.

ఆ ఒక్క దెబ్బ ఎవరి నొప్పిలోనూ మోగలేదు. అందరికీ ఎడమ మోచేతి మడతలోనే మోగింది. బేకరీ ఆయన దవడ మీంచి చెయ్యి తీశాడు. చెరో బెంచీ జంట లేచి ఒక బెంచీలోకి వచ్చారు. అమ్మగారు మడిచిన చేతిలోకి వంగి చూసుకుంటూ, ఎప్పుడూ ఎవరికీ చెప్పని ఒక పసిబిడ్డ పేరు పలికింది. పాస్టరయ్యగారు రాసుకొచ్చిన కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. ఆ వారం ప్రసంగం లేదు. మందుల షాపాయన చెయ్యి కదపకుండా, నిద్రపోతున్న పిల్లను మోస్తున్నవాడిలా రోడ్డు దాటి గేటు దాకా వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. అంత తొందరగా ఎవరొస్తారు?

తొమ్మిది గంటల బస్సు వచ్చింది, వెళ్ళింది. తాళంచెవి ఎవరూ అడగలేదు, గంటక్కా ఇవ్వలేదు.

సోమవారం పరుపుల దుకాణంలో గంటక్క కుడుతుండగా దబ్బనం చూపుడువేల్లో దిగింది.

"అబ్బా!"

దుకాణం యజమాని ఉలిక్కిపడి తలెత్తాడు. ఆ గొంతు విని ఆయనకు చాలా రోజులైంది. "ఆరకముందే కడుగు," అన్నాడు.

గంటక్క వేలు పైకెత్తి చూసుకుంటోంది.

"కడుగుతానులెండి," అంది. "కాసేపు ఉండనివ్వండి."