పేరు పెట్టి పిలిచిన గోడ

పందొమ్మిదివందల యాభై ఐదు, నవంబరు ఆరో తేదీ, ఆదివారం. ఆనాడు రామకోటయ్య ఇంట్లో జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, బుడ్డల ఊరిబిండి పచ్చడి, వాటి మీదికి నెయ్యి కారుతున్న భక్ష్యాలు. మామూలుగా అయితే రొట్టె, పప్పుతో పొద్దు గడిపేసే ఇల్లే అది. కానీ తెల్లవారుజామున రైలుకు మద్రాసు నుంచి బామ్మర్ది మహానంది దిగినాడు. అతను రాసిన వారం వారం నాటకం ఆ సాయంత్రం రేడియోలో మొదలవుతుందని బేతంచెర్ల బజారంతా తెలుసు. ఊరంతా తిరిగి చెప్పింది రామకోటయ్యే.

"వానికి ఇంకోటి పెట్టమ్మా," అన్నాడు తల్లితో.

"పెడతానే ఉండా కదప్పా, నువ్వు చెప్పాల్నా?" అంది తిరుపతమ్మ. "ఏమప్పా మహానందీ, మద్రాసులో నీకు అన్నం పెడతారా, ఉత్త మాటలు పెడతారా? బుగ్గలు లోపలికి పోయినాయి."

"మాటలే అత్తా. అన్నం ఈడికి వస్తేనే."

అందరూ నవ్వినారు. రామకోటయ్య కూతురు కన్యక మామ విస్తట్లో నెయ్యి వేస్తూ గిన్నె మరీ వంచేసింది. పద్నాలుగేండ్ల పిల్ల. వంగినప్పుడు జడ ముందుకు పడితే మోచేత్తో వెనక్కి తోసుకునే తీరు అచ్చం వాళ్ళమ్మదే. రామకోటయ్య అది చూసి, ఈ పూటకు ఇది చాలనుకుని, మజ్జిగ పోయించుకున్నాడు.

అనంతపురంలో బి.ఏ. చదివి వచ్చి, నాయిన చేసిన నాపబండల వ్యాపారమే పట్టుకున్న మనిషి రామకోటయ్య. గనుల నుంచి వచ్చిన బండలు స్టేషను దగ్గరి దొడ్డిలో దించుకోవడం, నునుపు పట్టించడం, వ్యాగన్లకెక్కించడం. భార్య సుందరలక్ష్మి పోయి మూడేండ్లు. మళ్ళీ పెండ్లి చేసుకోమని తల్లి మొదటి ఏడు పోరింది, రెండో ఏడు సణిగింది, మూడో ఏడు మానుకుంది. మానుకున్నందుకు అతను తల్లికి లోలోపలే దండం పెట్టుకున్నాడు.

ఆ ఊళ్ళో ఏ ఇల్లాలూ మొగుడి పేరు నోట పలకదు. పలికితే ఆయన ఆయుస్సు తరుగుతుందని పెద్దవాళ్ళ భయం. సుందరలక్ష్మి ఆ పట్టింపును ఇంకాస్త దూరం తీసుకుపోయింది. ఒంటిమిట్ట తిరునాళ్ళలో జనమంతా రామా రామా అని అరుస్తుంటే తను ఒక్కతే "గోవిందా" అనేది. గండికోటను ఉత్త "గండి" అనేది. "కోట అంటే ఏమయితాది?" అని రామకోటయ్య ఏడిపిస్తే, "అది నీ పేరులో సగం కదా, సగం ఆయుస్సు పోతాది," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

అలాంటి మనిషి చివరి రాత్రి అతన్ని పేరు పెట్టి పిలిచింది.

దగ్గి దగ్గి అలిసిపోయి, కండ్లు మూసుకునే ఉంది. తిరుపతమ్మ, కన్యక లోపలింట్లో నిద్రపోతున్నారు. "రామకోటయ్యా," అనింది మెల్లగా, పక్కింటి మనిషిని పిలిచినట్టు, ఎన్నో ఏండ్లుగా అలాగే పిలుస్తున్నట్టు. "తలుపెయ్యి. చలి కాళ్ళ మీదికి వస్తాంది." అతను లేచి తలుపు వేసి వచ్చి కాళ్ళ మీద దుప్పటి సర్దినాడు. ఆ తర్వాత ఆమె ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ మాట అతను తల్లికి చెప్పలేదు. చెబితే, కోడలు పోతూ పోతూ మొగుడి పేరు తీసిందా అని తల్లి గుండె బాదుకుంటుందని తెలుసు. కూతురికీ చెప్పలేదు. చెప్పింది ఒక్క మహానందికే. అదీ అనుకుని చెప్పింది కాదు. అక్క పోయిన మూడోనాటికి గానీ మహానంది ఊరు చేరలేకపోయినాడు. తిరిగి పోయేటప్పుడు స్టేషన్లో బండ మీద కూర్చుని, "అక్క నన్ను అడిగిందా బావా? చివర్లో నా మాట ఏమన్నా ఎత్తిందా?" అని చిన్నపిల్లోడిలా ఏడ్చినాడు. ఎత్తలేదు. లేదని చెప్పడానికి నోరు రాక, రామకోటయ్య తన దగ్గరున్నది తీసి ఇచ్చినాడు. "ఎవరికీ చెప్పొద్దు మహానందీ," అన్నాడు. మహానంది అతని చెయ్యి పట్టుకుని, "అక్క మీద ఒట్టు," అన్నాడు.

సాయంత్రానికి వసారా నిండింది. రేడియోను కిటికీ గూట్లో పెట్టి, మిద్దె మీది ఏరియల్ తీగను మహానందే ఎక్కి సరిచేసినాడు. పక్కింటి ఓబులేసు తన మంచం తనే మోసుకొచ్చుకున్నాడు. ఎదురింటి లక్ష్మక్క వేయించిన వేరుశెనగ బుడ్డలు చాటనిండా తెచ్చి మధ్యలో పెట్టింది. పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు.

"కథేందో ముందే చెప్పప్పా, మాకు బుర్రకెక్కాలంటే టైం పడతాది," అన్నాడు ఓబులేసు.

"రెండువేలో సంవత్సరంలో ఒక సంసారం కథ, పెద్దాయనా," అన్నాడు మహానంది. "వాళ్ళ ఇంట్లో గోడే రేడియో. మాటే కాదు, మనిషీ కనపడతాడు. ఇంగ్లండులో ఇప్పటికే అట్లాంటి పెట్టెలు ఇండ్లలో ఉన్నాయి. టెలివిజన్ అంటారు."

"గోడలో మనిషి కనపడితే మన ఆడోళ్ళు తానం యాడ చేయాల?" అంది లక్ష్మక్క. వసారా అంతా గొల్లుమంది.

నాటకం మొదలయింది. ముందు ఈదురుగాలి లాంటి చప్పుడు, తర్వాత గంటలు. ఆ కాలంలో మనుషులు మాత్రలు మింగి ఆకలి తీర్చుకుంటారట. చంద్రుడి మీద పెండ్లిచూపులు పెట్టుకుంటారట. "కట్నం ఆడ ఎంతంటా?" అని ఓబులేసు అడిగితే ఎవరో ఉష్షుమన్నారు. చంద్రశేఖరం అనే ఇంజనీరుకు భార్య చచ్చిపోయింది. ఆమె బతికున్నప్పుడు మాట్లాడిన మాటలన్నీ యంత్రానికి నేర్పి, ఆమె బొమ్మను గోడలో నిలబెట్టినాడు. ఆమె గోడలో నుంచే వంట చెబుతుంది, కూతురికి పాఠం చెబుతుంది, అత్తతో తగువు పడుతుంది. అత్తా కోడలి తగువు వచ్చినప్పుడు తిరుపతమ్మ మోకాలు చరిచి మరీ నవ్వింది.

రామకోటయ్య కూడా నవ్వినాడు. సుందరలక్ష్మి ఉండి ఉంటే తమ్ముడి గొప్ప చూసి ఎంత పొంగేదో అనుకున్నాడు. మహానంది మాత్రం నవ్వడం లేదు. రేడియో వైపు కాకుండా బావ వైపు చూస్తున్నాడు. అది ఎందుకో రామకోటయ్యకు అప్పుడు తెలియలేదు.

నాటకంలో రాత్రి అయింది. అందరూ పడుకున్నారు. ఇంజనీరు ఒక్కడే గోడ ముందు కూర్చున్నాడు. అప్పుడు గోడ పలికింది.

"చంద్రశేఖరా. తలుపెయ్యి. చలి కాళ్ళ మీదికి వస్తాంది."

అంతవరకూ నాటకమంతా పుస్తకాల భాష. ఈ ఒక్క ముక్కే ఇంటి మాట. వినగానే వసారా పకపకలాడింది.

"ఇది మన ఊరి గోడేరోయ్!" అని ఓబులేసు మంచం మీద ఎగిరి కూర్చున్నాడు. "గోడకు కాళ్ళు యాడుండాయిరా చలెయ్యడానికి!"

"థూ!" అంది తిరుపతమ్మ. "ఏం ఆడదమ్మా! చచ్చినాక గూడా మొగుని పేరు పెట్టి పిలుస్తాందే. బతికినప్పుడు ఎంత సిగ్గు ఎరగందో!"

రామకోటయ్య చేతిలో ఒలిచిన బుడ్డలు ఉన్నాయి. వాటిని ఏం చేయాలో తోచక అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నాటకం ఎప్పుడు అయిపోయిందో, ఎవరెవరు లేచి పోయినారో తెలియలేదు. లక్ష్మక్క ఒక్కతే అతని మొహం చూసింది. ఏమీ అడగకుండా, ఇంకా కూర్చోబోతున్న ఓబులేసును "లెయ్యన్నా, మంచం నేనొక పక్క పట్టుకుంటా," అని లేపుకుపోయింది. ఆమె చేసిన ఆ మేలు రామకోటయ్య చాలా కాలం మరిచిపోలేదు.

కన్యక మాత్రం స్తంభానికి ఆనుకుని కదలకుండా కూర్చుంది. ఆమె నవ్వలేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"బాగుందా బావా?" అన్నాడు మహానంది, దగ్గరికి వచ్చి.

"దొడ్డి దాకా పోయొస్తాం పద," అన్నాడు రామకోటయ్య.

దొడ్డిలో నిలబెట్టిన బండల మధ్య చీకటి పడుతోంది. రామకోటయ్య చేతిలోని బుడ్డలు ఒక బండ మీద పెట్టినాడు.

"ఒట్టేసినావు కదా మహానందీ."

"పేరు మార్చినాను కదా బావా. నీ పేరు ఎక్కడా రాలేదు. అది మనదని ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

మహానంది ఒక బండకు ఆనుకున్నాడు. "నేను ఎన్ని రాసినా ఒక్క మాటకూ ప్రాణం రాలేదు బావా. ఆ ఒక్కటి రాసినాకే నాటకం నిలబడింది. అక్క మాట ఊరికే పోకూడదనుకున్నాను. ఇప్పుడు దేశమంతా వింటుంది."

"అది దేశానికి చెప్పింది కాదప్పా. మీ అక్క పెండ్లయిన కాడి నుంచి నా పేరు దాచిపెట్టుకుని, పోయేముందు ఒక్కసారి ఖర్చు పెట్టింది. అది నాకు ఇచ్చింది. నువ్వు ఏడుస్తాంటే చూడలేక నీకు కొంచెం పంచినా." గొంతు పెంచకుండానే అన్నాడు. పెంచి ఉంటే మహానందికి సులువయ్యేది. "మా అమ్మ దానిమీద ఉమ్మేసింది. విన్నావా?"

"విన్నాను."

"వచ్చే వారం నుంచి ఆ ముక్క తీసెయ్యగలవా?"

మహానంది తల వంచుకున్నాడు. "ప్రతి ఆదివారం నాటకం ఆ మాటతోనే ముగుస్తుంది బావా. రేడియోవాళ్ళకు అదే నచ్చింది. చాలా భాగాలు రికార్డు అయిపోయినాయి."

అప్పుడే వీధిలో పిల్లలు పరుగెత్తుతూ వచ్చినారు. ఒక్కొక్క ఇంటి ముందూ ఆగి, తలుపు తట్టి, "చంద్రశేఖరా! తలుపెయ్యి!" అని ముక్కుతో పలికి, కేకలేసుకుంటూ పారిపోతున్నారు. లోపల్నుంచి ఎవరో నవ్వుతూ తిడుతున్నారు. ఆట అప్పుడే ఊరిదైపోయింది. ఇంక దాన్ని వెనక్కి అడిగి తెచ్చుకోవడానికి ఎవరి దగ్గరికి పోవాలి?

"పొద్దున బండికి పోతాను," అన్నాడు మహానంది.

"పోదువులే. అన్నం తిని పడుకో."

రామకోటయ్య ఇంటికి వచ్చేసరికి తిరుపతమ్మ పడక మీద వాలింది. "వచ్చే ఆదివారం నన్ను మరిచిపోకుండా పిలువు నాయినా. ఆ సిగ్గులేని గోడ ఏం జేస్తాదో సూడాల," అని గోడవైపు తిరిగింది. అతను "సరేమ్మా" అన్నాడు.

కన్యక నడింట్లో నాపబండల మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. కాళ్ళు పావడాలోకి ముడుచుకుంది.

"నాయినా, అది అమ్మ మాట కదా?"

రామకోటయ్య ఎదురుగా కూర్చున్నాడు. "నీకెట్లా తెలుసు?"

"చలేస్తాంది అని అందరూ అంటారు. చలి కాళ్ళ మీదికి వస్తాంది అని అమ్మ ఒక్కతే అనేది." వక్క ఒకటి అడకత్తెరలోంచి జారిపోయింది. "నిన్ను అట్లా పిలిచిందా? పేరు పెట్టి?"

"ఊఁ. చివరి రాత్రి."

ఆ పిల్ల ముఖం ఒక్క క్షణం వెలిగింది. అంత ముద్దుగా వెలిగింది కాబట్టే, ఆ తర్వాత ఆరిపోవడం అతను చూడలేకపోయినాడు.

"మామకు చెప్పినావు," అంది. "నాకు చెప్పలేదు. మూడేండ్లు నేను ఈ ఇంట్లోనే ఉండా. అమ్మ ఏం మాట్లాడి పోయిందో రేడియోలో వినాల్సి వచ్చింది. ఊరోళ్ళతో పాటు. ఓబులేసు తాత నవ్వుతాంటే."

చిన్నపిల్లవని అనబోయినాడు. జేజి తిరుపతమ్మ బాధపడుతుందని అనబోయినాడు. రెండూ నోటి దాకా వచ్చి, మహానంది దొడ్డిలో చెప్పిన మాటల్లాగే వినిపించినాయి. అనలేదు.

"ఎట్లా అనింది?" అని అడిగింది కన్యక, జారిన వక్కను ఏరుకుంటూ. "ఆ రేడియోలోని ఆమె లాగా సాగదీసి అనిందా?"

"లేదు. సాగదీయలేదు. పొయ్యి కాడ నుంచి నిన్ను పిలిచేది చూడు, ఉప్పు తెమ్మని, అట్లా." అతను గొంతు సవరించుకుని తన పేరు తనే పలికి చూపించబోయినాడు. రాలేదు. కన్యక వక్కల పళ్ళెం పక్కకు జరిపి తండ్రి మోకాలి మీద చెయ్యి వేసింది. కోపం పోలేదు ఆ చేతిలో. అయినా వేసింది.

వసారాలో మహానంది అటూ ఇటూ మసలుతున్నాడు. నవంబరు చలి బండల మీద నుంచి నడింట్లోకి పాకుతోంది. ఆ మాట తండ్రీకూతుళ్ళిద్దరికీ గుర్తొచ్చింది. రామకోటయ్య లేచి దండెం మీది గొంగడి తీసుకుని బయటికి పోయి బామ్మర్ది కాళ్ళ మీద కప్పినాడు.

"బావా," అన్నాడు మహానంది చీకట్లో. "వచ్చే ఆదివారం వింటావా?"

రామకోటయ్య గొంగడి అంచు సర్ది వెనక్కి తిరిగినాడు. కన్యక లేచి నిలబడింది. తండ్రి గడప దాటేదాకా ఆగి, తల్లి పోయిన రాత్రి అతను వేసిన ఆ తలుపునే, జేజి నిద్ర చెడకుండా, గడియ చప్పుడు కాకుండా, మెల్లగా వేసింది.